తేనెటీగ పిల్లపురుగు నుంచి హీమోలింఫ్ తీయడం ఎలా

మా ఇల్లు హిందూపురం దగ్గరి పల్లెలో. ఇంటి వెనకాలే పట్టుపురుగుల షెడ్డు. నాలుగో జ్వరం (పాత చర్మం విడిచే నిద్ర) లేచిన పురుగుల్లో ఏదైనా ఒళ్ళు ఉబ్బి, చర్మం మెరుస్తూ, ఆకు ముట్టకుండా తట్ట అంచుల వెంట తిరుగుతుంటే అమ్మ దాన్ని ఏరి, కాలి దగ్గర గోటితో గిల్లి చూసేది. చుక్క తేటగా వస్తే సరే. పాలలా తెల్లగా కారిందంటే ఆ తట్టంతా వెతికి రోగం పురుగుల్ని తీసేసి, సున్నం చల్లి, చేతులు కడుక్కునేదాకా మమ్మల్ని మరో తట్ట ముట్టనిచ్చేది కాదు.

ఇప్పుడు నేను బెంగళూరులో ఒక ప్రయోగశాలలో తేనెటీగ పిల్లపురుగుల నుంచి హీమోలింఫ్ తీస్తాను. ఆరేళ్ళుగా ఇదే పని. కొత్తగా చేరినవాళ్ళు ముందు సూది గురించి అడుగుతారు: ఏ గేజు, ఎంత లోతు, ఎక్కడ గుచ్చాలి అని. అన్నీ చెప్తాను. కానీ వాళ్ళకు మొదటి వారం నేర్పేది అమ్మ చేసిన పనే. చుక్కను చూడటం, బాగా లేకపోతే మొహమాటం లేకుండా పారెయ్యడం.

హీమోలింఫ్ అంటే పురుగు ఒంట్లో తిరిగే ద్రవం. మన నెత్తురులా ఎర్రగా ఉండదు, ఎందుకంటే ఆక్సిజన్ మోసే పని దానికి లేదు, అది శ్వాసనాళాల పని. నాళాల్లో బందీగా కూడా ఉండదు. వీపు వెంట ఒక్క గొట్టం ఉంటుంది, అదే గుండె. మిగతా ఒళ్ళంతా ఈ ద్రవమే నిండి, అందులో పేగు, కొవ్వు కణజాలం, పట్టు గ్రంథులు మునిగి ఉంటాయి. చర్మం మీద ఎక్కడ చిల్లు పడినా ద్రవం వస్తుంది. దాంతోపాటు రాకూడనివి రాకుండా చూసుకోవడంలోనే మన కష్టమంతా.

పట్టుపురుగైతే పొట్ట కింది కాలొకటి కత్తిరించి ట్యూబు మీద వంచితే చాలు, బొట్లుబొట్లుగా పడుతుంది. ఎమ్మెస్సీలో నేను అలాగే తీశాను. తేనెటీగ పిల్లకు అసలు కాళ్ళే లేవు. చిన్న తల, దాని వెనక 13 ఖండాలు, ఉల్లిపొరలాంటి తెల్లని చర్మం. కాబట్టి గుచ్చక తప్పదు.

ముందు వయసు సంగతి. వయసు తెలియని పురుగు నుంచి ఎంత తేటైన చుక్క తీసినా దాన్ని దేనితోనూ పోల్చలేం. పిల్లపురుగు అయిదు దశలు దాటుతుంది. ఆఖరి దశలో హీమోలింఫ్‌లోకి హెక్సామెరిన్లనే నిల్వ ప్రోటీన్లు కుప్పలుగా చేరతాయి. ఒక్క రోజు తేడాతోనే కొలతలు మారిపోతాయి. అందుకని మేము రాణి ఈగను ఖాళీ తేనెపట్టున్న ఒక చట్రం మీద జాలి పంజరంలో 24 గంటలు ఉంచుతాం. కూలి ఈగలు ఆ జాలిలోంచి వచ్చిపోతుంటాయి, రాణికి సందు పట్టదు, ఆ పట్టు మీదే గుడ్లు పెడుతుంది. మర్నాడు రాణిని వదిలేసి, మళ్ళీ ఆ చట్రం మీదికి రాకుండా దాన్ని జాలికి అవతలి వైపు ఉంచాలి. పట్టు మీద పారదర్శకంగా ఉండే ఓహెచ్‌పీ షీటు పరిచి, గుడ్డున్న ప్రతి గది మీదా మార్కరుతో చుక్క పెడతాను. చట్రం రెండు మూలలకూ గుండుసూదులు గుచ్చి, షీటు మీద వాటి గుర్తులు కూడా వేసుకుంటే తర్వాత ఎప్పుడు పరిచినా షీటు అదే చోట కూర్చుంటుంది.

గుడ్డు 3 రోజులకు పగులుతుంది. కూలి ఈగ కావాల్సిన పిల్ల ఆ తర్వాత అయిదు, అయిదున్నర రోజులు తిని పెరుగుతుంది. అప్పుడు ఈగలు గదికి మైనం మూత వేస్తాయి. మూత పడటానికి ముందు రోజు మాకు అనుకూలం. అప్పటికి పురుగు గది అడుగంతా నిండి, గుండ్రంగా చుట్టుకుని ఉంటుంది. ఇటాలియన్ ఈగ పిల్లయితే మూత పడే వేళకు 140 నుంచి 160 మిల్లీగ్రాములు తూగుతుంది. జాగ్రత్తగా తీస్తే దాన్నుంచి 20 మైక్రోలీటర్లు కష్టపడకుండానే వస్తాయి. మన దేశవాళీ ఈగైన పుట్ట తేనెటీగ పిల్ల ఇంతకన్నా చిన్నది, దానికి తగ్గట్టే ఆశించాలి. రెండు మూడు రోజుల పిల్లలతో పని ఉంటే ఎన్నో పురుగుల ద్రవాన్ని ఒకే ట్యూబులో కలపక తప్పదు. ఆ చేతిపని పూర్తిగా వేరు. పెద్ద పురుగుల మీద చెయ్యి కుదిరాకే దాని జోలికి వెళ్ళండి.

చట్రాన్ని పెట్టెలోంచి తీసేటప్పుడు ఈగల్ని వదిలించడానికి విదిలించకండి. పిల్లలు గదుల్లో జారి, వాటి తిండైన జెల్లీలో మునిగి, నలుగుతాయి. మెత్తని బ్రష్షుతో ఊడ్చండి. మా పెట్టెలు చూసుకునే అన్న కోడి ఈకతో ఊడుస్తాడు, అతని చేతికింద ఈగలు రెచ్చిపోవడం నేను చూడలేదు. పిల్లలుండే చోట ఈగలు 34, 35 డిగ్రీల వేడిని నిలబెడతాయి. ప్రయోగశాలకు తెచ్చేటప్పుడు మనమూ దానికి దగ్గరగా ఉంచాలి. థర్మోకోల్ పెట్టెలో తువ్వాలు చుట్టిన వేడినీళ్ళ సీసా, చట్రం పైన తడిపి పిండిన గుడ్డ ఉంటే చాలు. ఎండాకాలంలో సీసా అక్కర్లేదు, కానీ మూసిన కారులో చట్రాన్ని వదిలి టీకి మాత్రం వెళ్ళొద్దు. గంటన్నరలో పని ముగించగలిగినన్ని పురుగులున్న పట్టునే తీసుకురండి.

బల్ల మీద అన్నీ ముందే సర్దుకోవాలి. ఐసు నింపిన ట్రే, అందులో పేర్లు రాసి చల్లబరిచిన చిన్న ట్యూబులు, 10 మైక్రోలీటర్ల గాజు కేశనాళికలు, 30 గేజు ఇన్సులిన్ సూదులు, సున్నా నంబరు పెయింటు బ్రష్షులు రెండు, పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) ముక్కలు, నూగు రాలని టిష్యూ కాగితం, మూడు చిన్న పెట్రీ గిన్నెల్లో ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం. ఈ ద్రావణాన్ని మేమే కలుపుకుంటాం: లీటరుకు సోడియం క్లోరైడ్ 8 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 0.2, డైసోడియం ఫాస్ఫేట్ 1.44, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.24, పీహెచ్ 7.4. మోచేతుల కింద మడిచిన తువ్వాలు కూడా పెట్టుకోండి. చేతి వణుకు సగం దానితోనే పోతుంది. నేను తీసే రోజు పొద్దున కాఫీ కూడా మానేస్తాను.

పురుగును గదిలోంచి తీయడానికి ఫోర్సెప్స్ వాడొద్దు, చర్మం చిట్లుతుంది. గది గోడల్ని సన్న బ్లేడుతో అడుగుదాకా చెక్కేసి, గ్రాఫ్టింగ్ సూది (పిల్లపురుగుల్ని గదిలోంచి ఎత్తే పరికరం) నాలుకను పురుగు కిందికి పోనిచ్చి ఎత్తాలి. పురుగుతోపాటు అది తేలుతున్న జెల్లీ కూడా వస్తుంది. ఇప్పుడు కడగాలి. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

మొదటి ఏడాది రెండు వారాలు కూర్చుని 60 ట్యూబులు నింపాను. చుక్కలన్నీ చూపుకు తేటగానే ఉన్నాయి. ప్రోటీన్లను బరువును బట్టి విడదీసే జెల్ మీద నడిపించి చూస్తే 55 కిలోడాల్టన్ల దగ్గర దట్టమైన పట్టీ. మా మేడమ్ కళ్ళద్దాలు పైకి జరుపుకుని ఒక్క క్షణం చూసి, "ఇది పురుగు ఒంట్లోది కాదమ్మా, తిండిది" అన్నారు. రాయల్ జెల్లీలో అన్నిటికన్నా ఎక్కువుండే ప్రోటీన్ ఆ బరువుదే. నేను ఒక్కసారి ముంచి తీసి, కాగితం మీద అద్ది, సరిపోయిందనుకున్నాను. ఖండాల మధ్య మడతల్లో దాక్కున్న జెల్లీ, గుచ్చగానే వచ్చిన చుక్కతో కలిసి నాళికలోకి ఎక్కేసింది. 60 ట్యూబులూ పారబోశాను. ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్తే, తట్ట మార్చినప్పుడు పాత ఆకు ఒక్కటైనా మిగలకూడదని తను అనేది అందుకేనంది.

అప్పట్నుంచి మూడు గిన్నెల్లో కడుగుతున్నాను. ఒక్కో గిన్నెలో పది సెకన్లు, బ్రష్షుతో మెల్లగా దొర్లిస్తూ, మడతలు తెరుచుకునేలా. మూతి చుట్టూ, వంపు లోపలి పొట్టవైపు కచ్చితంగా చూడాలి, జెల్లీ ఎక్కువగా పట్టుకునేది అక్కడే. తర్వాత టిష్యూ మీద దొర్లించి తడి పూర్తిగా లాగెయ్యాలి. మిగిలిన నీటిబొట్టు హీమోలింఫ్‌ను పల్చబరుస్తుంది, ఎంత పల్చబడిందో ఎప్పటికీ తెలియదు. పదేసి పురుగులకు ఒకసారి గిన్నెల్లో ద్రావణం మార్చండి. బ్యాక్టీరియాను పెంచి చూడాలనుకుంటే ఉప్పు ద్రావణం తర్వాత 70 శాతం ఇథనాల్‌లో క్షణకాలం, వెంటనే శుద్ధిచేసిన నీటిలో ముంచాలి. కడుగుతుండగా పురుగు మూతిలోంచి ద్రవం కక్కితే దాన్ని పక్కన పెట్టెయ్యండి.

ఇక గుచ్చడం. పురుగు సున్నాలా చుట్టుకుని ఉంటుంది కదా, ఆ వంపు లోపలి వైపు పొట్ట, బయటి వైపు వీపు. మనకు కావాల్సింది వీపు. ఒంటి మధ్యలో ఉన్నదంతా పేగే. అది అవతలి కొసన మూసుకుపోయిన సంచి, తిండి మానేదాకా పురుగు మలం వదలదు. ఇన్నాళ్ళూ తిన్న పుప్పొడి తాలూకు పిప్పంతా అందులోనే ఉంటుంది. దానికి సూది తగిలితే నమూనా పోయినట్టే. పురుగును పారాఫిల్మ్ మీద పక్కకు పడుకోబెట్టి, ఎడమచేతి బ్రష్షుతో లోపలి వంపు దగ్గర ఆనించి పట్టుకోండి. అదమడం కాదు, దొర్లిపోకుండా ఆపడం, అంతే. సూదిని నిటారుగా దించకండి. చర్మానికి దాదాపు సమాంతరంగా, కొద్ది వాలుగా తెచ్చి, వీపు మీద నడుము ఖండాల దగ్గర మొన మాత్రమే దిగేలా తాకించి వెంటనే తీసెయ్యండి. సూది చివరి ఏటవాలు కోతలో సగం కూడా లోపలికి పోకూడదు. మొదట్లో స్టీరియో మైక్రోస్కోపు కింద చెయ్యండి. చర్మం కొంచెం గుంటపడి, పట్టు వదిలినట్టయ్యే క్షణం కంటికి కనిపిస్తుంది. కొన్నాళ్ళకు అది వేలికే తెలుస్తుంది.

సూది తీయగానే చుక్క తనంతట తనే ఉబుకుతుంది. నాళికను కిందికి వాల్చి చుక్క అంచుకు తాకిస్తే ద్రవం దానంతటదే ఎక్కుతుంది, నోటితో పీల్చాల్సిన పని లేదు, పీల్చకూడదు కూడా. నాళిక చివర చర్మానికి తగలనివ్వకండి. చుక్క రాకపోతే పురుగును పిండాలనిపిస్తుంది. పిండకండి. పిల్లపురుగు ఒళ్ళంతా కొవ్వు కణజాలమే, నొక్కితే అది చితికి చిల్లులోంచి బయటికొస్తుంది. కావాలంటే బ్రష్షుతో రెండు కొసల్నీ కొద్దిగా దగ్గరికి తెండి, వంపు బిగిసి చుక్క వస్తుంది. అప్పటికీ రాకపోతే మరో పురుగు తీసుకోండి.

ఇప్పుడు నాళికను తెల్ల కాగితం మీద ఒకసారి, నల్ల కాగితం మీద ఒకసారి పట్టుకుని చూడండి. మంచి హీమోలింఫ్ నీళ్ళలా, లేదా చాలా లేత పసుపులో తేటగా ఉంటుంది. నల్ల కాగితం మీద పాలపొరలా, తెల్లని నలుసులతో కనిపిస్తే కొవ్వు కలిసింది. కొద్దిగా ఉంటే సెంట్రిఫ్యూజు తీసేస్తుంది, చిక్కగా ఉంటే పారెయ్యాలి. చిక్కని పసుపుతో, గింజల్లాంటివి తేలుతూ ఉంటే పేగు తెగింది. దాన్ని ఏ యంత్రమూ బాగుచెయ్యలేదు, జీర్ణరసంలోని ఎంజైములు అప్పటికే ప్రోటీన్లను కొరకడం మొదలుపెట్టి ఉంటాయి. చాలాసార్లు మొదటి చుక్క తేటగా వచ్చి, ఆ తర్వాతది పాలరంగుకు తిరుగుతుంది. మారుతున్నట్టు అనిపించిన క్షణమే నాళికను తీసెయ్యండి. 20 మైక్రోలీటర్లు రావాలన్న పట్టుదలతో ఎనిమిది మంచి మైక్రోలీటర్లను పాడుచేసినవాళ్ళను చాలామందిని చూశాను.

నాలుగో రంగు బూడిద, నలుపు. ఇది కలుషితం వల్ల రాదు, ఆలస్యం వల్ల వస్తుంది. గాయమైనప్పుడు పూడ్చుకోవడానికి పురుగు ఒంట్లో ఫినాలాక్సిడేజ్ అనే ఎంజైము మేలుకుని మెలనిన్ తయారుచేస్తుంది. గాలి తగిలిన చుక్క నిమిషాల్లోనే మసకబారి నల్లబడుతుంది. గుచ్చిన నిమిషంలోపు చుక్క ఐసులోని ట్యూబుకు చేరాలి. ట్యూబులో ముందే ఫినైల్‌థయోయూరియా స్ఫటికం ఒకటి, సూదిమొనంత, వేసి ఉంచితే నలుపు ఆగుతుంది. అది బాగా విషం. చేతితొడుగులు లేకుండా, పొగగూడు (విషపు గాలిని బయటికి లాగే బల్ల) బయట దాన్ని తూచొద్దు.

కానీ ఏ ట్యూబులో ఏం వెయ్యాలన్నది మీరు కొలిచేదాన్ని బట్టి ఉంటుంది. ఇది ముందే తేల్చుకోకుండా పట్టు తేవద్దు. ఫినాలాక్సిడేజ్ పనితీరే కొలవాలంటే ఆ స్ఫటికం వెయ్యకూడదు, చల్లని ఉప్పు ద్రావణంలో వెంటనే పలచబరిచి చలిలో గడ్డకట్టించాలి. ప్రోటీన్ల కోసమైతే స్ఫటికంతోపాటు ప్రోటియేజ్ నిరోధకాలు (ప్రోటీన్లను కొరికే ఎంజైముల్ని ఆపేవి) వెయ్యండి. రక్తకణాలు లెక్కపెట్టాలంటే సిట్రేట్, ఈడీటీఏ ఉన్న ద్రావణం కావాలి, లేకపోతే కణాలు గుంపులుగా అతుక్కుపోతాయి. మేము వాడేది సోడియం హైడ్రాక్సైడ్ 98, సోడియం క్లోరైడ్ 186, ఈడీటీఏ 17, సిట్రిక్ ఆమ్లం 41 మిల్లీమోలార్లు, పీహెచ్ 4.5. కణాల్ని గడ్డకట్టించి దాచలేం, ఆ పూటే న్యూబవర్ గదిలో (గళ్ళు గీసిన గాజు పలక) లెక్కపెట్టెయ్యాలి. పీసీఆర్ (డీఎన్‌ఏకు నకళ్ళు పెంచే పరీక్ష) చేసే నమూనాలో ఈడీటీఏ మిగిలితే అది మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది, చర్య నడవదు. వైరస్ ఆర్‌ఎన్‌ఏ కోసమైతే నేరుగా ట్రైజాల్‌లోకే (ఆర్‌ఎన్‌ఏను విడదీసే ద్రావణం) వదలండి.

ప్లాస్మా కావాలంటే 4 డిగ్రీల దగ్గర 3000 జీతో అయిదు నిమిషాలు తిప్పితే చాలు. అడుగున కణాలు, పైన పల్చని కొవ్వు పొర, మధ్యది మనది. అయిదేసి మైక్రోలీటర్లుగా పంచి మైనస్ 80లో పెట్టండి. కరిగించినదాన్ని మళ్ళీ గడ్డకట్టించొద్దు. ప్రతి విడత నుంచీ ఒక ట్యూబును జెల్ మీద నడిపించి చూడండి. ఆఖరి దశ పిల్లలో 70 కిలోడాల్టన్ల చుట్టూ హెక్సామెరిన్ల పట్టీలు గట్టిగా కనబడాలి. 55 దగ్గర పట్టీ లేస్తోందంటే కడిగే గిన్నెల దగ్గరికి తిరిగి వెళ్ళాలి.

పుట్ట తేనెటీగలతో పనిచేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాది రాష్ట్రాల్లో ఈ ఈగల పెట్టెల్ని తుడిచిపెట్టేసింది. ఇప్పటికీ అది అక్కడక్కడ కనిపిస్తూనే ఉంది. ఆ రోగం తగిలిన పిల్ల గదిలో వీపు ఆనించి, తల పైకెత్తి, బారుగా చాచుకుని ఉంటుంది. ఎత్తితే నీళ్ళ సంచిలా వేలాడుతుంది. గుచ్చితే బోలెడు ద్రవం తేటగా వస్తుంది, కొత్తవాళ్ళు సంబరపడతారు. అది హీమోలింఫ్ కాదు. విడవాల్సిన పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య చేరిన ద్రవం, దాని నిండా వైరస్. అలాంటి పిల్ల ఒక్కటి కనిపించినా ఆ చట్రాన్ని వేరుచేసి, చేతితొడుగులూ బ్రష్షులూ మార్చి, ఆరోజు మరో పెట్టె తెరవకుండా ఉండండి.

ఎన్ని పురుగులు కావాలని అడుగుతారు. ఒకే పెట్టెలోంచి 30 పురుగులు తీస్తే అవి 30 నమూనాలు కావు. ఒకే రాణి పిల్లలు, ఒకే దాది ఈగల పెంపకం. పురుగులు తగ్గినా ఫర్వాలేదు, పెట్టెలు పెంచండి. మేము ప్రతి పెట్టె నుంచీ అయిదేసి పురుగుల్ని తీసి, పుస్తకంలో పురుగు బరువు, గుచ్చిన సమయం, వచ్చిన ద్రవం, చుక్క రంగు రాస్తాం. పారేసినవాటినీ రాస్తాం. నా పుస్తకంలో పారేసినవాటి వరుస ఏడాదికేడాది చిన్నదవుతోంది, అయినా ఏ రోజూ ఖాళీగా లేదు.

తీసేసిన పురుగుల్ని బల్ల మీద అలా వదలకండి, వెంటనే మైనస్ 20లో పెట్టండి. బాధ ఉన్నా లేకపోయినా, గుచ్చిన ప్రాణిని ఎండబెట్టి చంపడం నాకు ఇష్టం లేదు. పట్టును చీకటి పడకముందే, వేడి తగ్గకుండా, అదే పెట్టెకు చేర్చాలి. మనం చెక్కేసిన గోడల్ని కూలి ఈగలు మళ్ళీ మైనంతో కట్టుకుంటాయి. మా అన్న మర్నాడు పొద్దున మూత తీసి చూసి, రాణి ఆ గదుల దగ్గర తిరుగుతుంటే నాకు ఫోన్ చేస్తాడు. అప్పుడు షీటు మీది పాత చుక్కలు తుడిచి, కొత్త తేదీ వేస్తాను.